పండుగ భోజనము – దేహశ్రమ



ధనుర్మాసము ప్రవేశించినది మొదలు రథసప్తమి వరకు మన గోదావరి సీమలో ఏ యింటను పొయ్యి చల్లారదు. అరిసెలు, సున్నుండలు, బొబ్బట్లు, కనుమనాటి మినపగారెలు సరేసరి. ఇవి చాలక బంధువుల చేతిసంచులలో ఆత్రేయపురపు పూతరేకులును, తాపేశ్వరపు కాజాలును వచ్చుచునే యుండును. ఈ దినములలో దేహము బరువెక్కినదనియు, చక్కెరవ్యాధి ముదిరినదనియు చెప్పుకొని, "ఇక పండుగలు మానుకొనవలసినదేనా?" అని మమ్ము ప్రశ్నించువారు ఏటేట హెచ్చుచున్నారు. మానుకొన నక్కరలేదు. పండుగలో మనము ఒక సగమును నిలుపుకొని, రెండవ సగమును విడిచిపెట్టితిమి. చిక్కంతయు అందే యున్నది.

హేమంత ఋతువున జఠరాగ్ని ప్రబలముగా నుండునని వాగ్భటాచార్యులు అష్టాంగహృదయములోని ఋతుచర్యాధ్యాయమున చెప్పిరి. ఆ కాలమునకు తగిన ఆహారములలో పిండివంటలను, మినుములను, చెరకుతోను పాలతోను చేసిన పదార్థములను పేర్కొనిరి. మన సంక్రాంతి విస్తరి ఇంచుమించుగా అదియే! అయితే అదే అధ్యాయమున, అదే ఋతువునకు, తైలాభ్యంగనమును, వ్యాయామమును, నేర్పరులతో కుస్తీ పట్టుటను కూడ విధించిరి. మినపసున్ని చెప్పిన నోరే కుస్తీని చెప్పినది. మనము మొదటి మాట విని లేచి వచ్చితిమి.

పూర్వము ఈ రెండవ సగమును ఎవరును ప్రత్యేకముగా బోధింపవలసి రాలేదు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిమ్మట డెల్టా అంతయు వరిచేలాయెను. సార్వా కోతలు, కుప్పనూర్పిళ్లు ముగించి, దాళ్వా నాట్లకు దిగుచున్న నడుమ ఈ పండుగ వచ్చెడిది. అరిసె తిన్నవాడు వరిమోపు మోసినవాడే. ఇంట స్త్రీలు తెల్లవారుజామున వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, నడుము వంచి ముగ్గు తీర్చెడివారు. తడిబియ్యమును రోట పోసి రోకళ్లతో దంచిన గాని అరిసెల పిండి సిద్ధమయ్యెడిది కాదు. నేడు కోత యంత్రము కోయుచున్నది, పిండి మర ఆడుచున్నది. అరిసెలు దుకాణమున కిలోల లెక్కన దొరకుచున్నవి. దంపుడు శ్రమ తప్పినందుకు మేము విచారించుట లేదు. ఆడువారి భుజములకు అది మేలే. కాని ఆ శ్రమకు బదులుగా మరియొకటి రావలసి యుండగా, ఏదియు రాలేదు. మగవారి సంగతి చెప్పనే అక్కరలేదు. కోడిపందెముల బరుల చుట్టు కుర్చీలలో మూడు దినములు కూర్చుండుట ఏ శాస్త్రమునను వ్యాయామముగా చెప్పబడలేదు.

శ్రమతో కూడిన పండుగను ఇంకను చూడగోరువారు కనుమనాడు కోనసీమలో మొసలపల్లి సమీపముననున్న జగ్గన్నతోటకు పోవలెను. పదునొకండు గ్రామముల నుండి ఏకాదశ రుద్రులు ప్రభలపై అచటికి విచ్చేయుదురు. గంగలకుర్రు ప్రభలను యువకులు భుజములపై మోయుచు, పచ్చని చేల నడుమ నడచి, కౌశిక నీటిలో దిగి దాటింతురు. పైరు తొక్కబడినను రైతు అడ్డుచెప్పడు. ఆ రాత్రి ఆ యువకుడు పది గారెలు తినినను మేము వారింపము. మోటారు బండిపై పోయి చూచి వచ్చినవాడు పది తినినచో మాత్రము విచారింపవలసినదే.

విచారమునకు కారణము లేకపోలేదు. భారత వైద్య పరిశోధన మండలి వారి తోడ్పాటుతో జరిగిన దేశవ్యాప్త పరిశీలన ఫలితములు 2023లో వెలువడినవి. దాని ప్రకారము మన దేశమున మధుమేహము గలవారు 10 కోట్లకు పైబడిరి. నడుము చుట్టు కొవ్వు పేరినవారు 35 కోట్లు.

ఇక అల్లుళ్ల మర్యాద. 2022 సంక్రాంతికి నరసాపురమున ఒక కుటుంబము వారు కాబోవు అల్లునికి 365 రకముల పదార్థములు వడ్డించిరని పత్రికలన్నియు వ్రాసినవి. ఆప్యాయతను మేము తప్పుపట్టము. కాని రకములెన్నియైనను కడుపు ఒక్కటియే గదా! అందు రెండు భాగములు అన్నమునకు, ఒక భాగము నీటికి, నాల్గవది వాయుసంచారమునకు విడువవలెనని ఆయుర్వేదము. హోమము చేయువారికి ఈ సంగతి కండ్లకు కట్టినట్టు తెలియును. కుండమున సమిధలు అదేపనిగా కుక్కినచో జ్వాల లేవదు, పొగ లేచును. కనుక అత్తగారలు కొసరి కొసరి వడ్డించుటను ఒక్కమారుతో ఆపవలెను. అల్లుడు విస్తరిపై చేయి అడ్డుపెట్టిన దానిని అలుకగా తలపరాదు.

మరికొందరు పండుగ మూడు దినములు మితిమీరి భుజించి, పిదప ఏకాదశి యని నిరాహారముగా నుందురు. అతిగా తినువానికిని, బొత్తిగా తిననివానికిని యోగము కుదరదని గీత ఆరవ అధ్యాయమున భగవానుడే సెలవిచ్చెను. ఇంకొక విచిత్రము: అన్నము మానితిమని పలికి ఉప్మా, దోసెలు రెట్టింపుగా ఆరగించుట! మధుమేహమునకు మందులు వాడువారు వైద్యుని అడుగక ఉపవసింపరాదు. ఔషధసేవనము వ్రతమును భంగపరచదని ధర్మశాస్త్రము స్పష్టముగా చెప్పుచున్నది. మాత్ర మ్రింగినచో వ్రతము చెడునను భయము వలదు.

భోజనానంతరము కొంత విశ్రమించి, నూరడుగులు నడువుమని సుశ్రుతాచార్యుల మాట. పండుగ భోజనము కాగానే చాపలు పరచు అలవాటు మన సీమలో బలముగా కలదు. వేసవిలో తప్ప పగటినిద్ర కూడదని పెద్దలు చెప్పిరి. దేవాలయమునకు గోపురము ముంగిటి దాక వాహనముపై వచ్చుట మాని, వీధి మొదట దిగి నడచి రండు. శక్తి గలవారు అరుణప్రశ్న పారాయణముతో సూర్యనమస్కారములు చేయవచ్చును. 32 అనువాకములు, ప్రతి అనువాకాంతమున ఒక సాష్టాంగ నమస్కారము చేసినవానికి వేరు వ్యాయామము అక్కరలేదు. శక్తిలో సగము వరకే శ్రమింపవలెనని నియమము. మోకాళ్లు సహకరింపని వృద్ధులకు మెల్లని ప్రదక్షిణములు చాలును.

రథసప్తమినాడు జిల్లేడాకులతో స్నానమాడి, సంక్రాంతి గొబ్బెమ్మల పిడకలపై క్రొత్తబియ్యముతో పరమాన్నము వండి, చిక్కుడాకులలో నుంచి సూర్యునకు నివేదింతుము. చిక్కుడాకు అరచేతికన్న పెద్దది కాదు. కొసరుటకు అందు చోటుండదు. ఈ యేడు ఇంటిల్లిపాదియు ప్రసాదమును ఆ యాకులోనే స్వీకరించి, సమీపమున నున్నవారు గొల్లల మామిడాడ సూర్యాలయమునకును, తక్కినవారు తమ ఊరి గుడికిని, ఎండ ముదురక మునుపే నడచి పోవుదురు గాక.