మీకు తెలుసా? ముట్టుకుంటే కదిలే టేబుల్ రోజ్

ఎండ బాగా ఎక్కాక, నిండుగా విచ్చుకున్న ఒంటిరేకు టేబుల్ రోజ్ పువ్వొకటి ఎంచుకోండి. మధ్యలో గుంపుగా నిలబడ్డ కేసరాలను సన్నటి పుల్లతో ఒక పక్కనుంచి మెల్లగా తాకండి. అవి కదులుతాయి. గాలికి ఊగినట్టు అటూ ఇటూ కాదు, తాకిన వైపుకే వంగుతాయి. అత్తిపత్తి ఆకు ముడుచుకుంటుందని మనందరికీ తెలుసు. పిట్టగోడల మీద, ప్రహరీల వెంట, పగిలిన బకెట్లలో పెంచుకునే ఈ చిన్న మొక్క పువ్వుకూ స్పర్శ తెలుస్తుందని గమనించినవాళ్లు తక్కువ. పిల్లలున్న ఇంట్లో తప్పక చూపించాల్సిన వింత ఇది.

టేబుల్ రోజ్ అన్నా, గడ్డి గులాబీ అన్నా, నర్సరీవాళ్ల మాటలో పోర్టులాకా అన్నా ఒకటే మొక్క. శాస్త్రీయ నామం పోర్టులాకా గ్రాండిఫ్లోరా. గులాబీతో దీనికి చుట్టరికం లేదు. తోడబుట్టింది మన గంగవాయిలి కూర. కుటుంబ వృక్షంలో ఇంకొంచెం వెనక్కి వెళ్తే నాగజెముడు వంటి కాక్టస్ జాతులు దాయాదులవుతాయి. ఆ ఉబ్బెత్తు ఆకుల్లో, కాడల్లో నీరు దాచుకునే గుణం ఆ వైపు చుట్టాలందరిలోనూ కనిపిస్తుంది.

పుట్టిల్లు ఎక్కడ?

దక్షిణ అమెరికా. బ్రెజిల్ దక్షిణ భాగం, ఉరుగ్వే, అర్జెంటీనా దీని సొంత నేలలు. జాన్ గిల్లీస్ అనే స్కాట్లండ్ వైద్యుడికి అర్జెంటీనాలోని మెండోజా దగ్గర, పంపాస్ మైదానాలు ముగిసి ఆండీస్ కొండలు మొదలయ్యే చోట ఇది కనిపించింది. ఆ సమాచారంతో విలియం జాక్సన్ హుకర్ 1829లో దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. తేలికపాటి ఇసుక నేలల్లో ఈ మొక్కలు విస్తారంగా అల్లుకుని నేలంతా ఊదారంగు పులుముకున్నట్టు ఉండేదనీ, మధ్యమధ్య నారింజ రంగు పూలు మచ్చల్లా కనిపించేవనీ ఆ వివరణలో ఉంది.

పెంపకం గురించి తెలుసుకోవలసినదంతా దాదాపు ఆ వివరణలోనే ఉందని నా అభిప్రాయం. ఇసుక నేల, చెట్టు నీడ లేని మైదానం, నిలవని నీరు. ఈ మూడూ సమకూర్చితే మిగతాది మొక్కే చూసుకుంటుంది. మన ఇళ్లలో టేబుల్ రోజ్ చచ్చిపోయేది ఎక్కువగా ప్రేమ వల్లనే. వరండా నీడలో పెట్టి, పొద్దునా సాయంత్రం నీళ్లు పోసి, ఎరువు మీద ఎరువు వేస్తాం. కాడలు పాలిపోయి సాగుతాయి, మొగ్గలు రావు, మొదలు కుళ్లుతుంది.

రోజుకు ఆరు గంటలకు తక్కువ కాకుండా నేరుగా ఎండ తగలాలి. ఎనిమిది గంటలైతే ఇంకా మంచిది. మన వేసవిలో గులాబీలు, చేమంతులు సొమ్మసిల్లే మిద్దె మీద ఇది హాయిగా పూస్తుంది.

రెండు రకాల వంట

మొక్కలు గాలిలోని బొగ్గుపులుసు వాయువును ఆకుల మీది సన్నటి రంధ్రాల ద్వారా తీసుకుంటాయి. పట్టపగలు ఆ రంధ్రాలు తెరిస్తే ఒంట్లోని నీరు ఆవిరైపోతుంది. కాక్టస్‌లు అందుకే రాత్రిపూట రంధ్రాలు తెరిచి, ఆ వాయువును ఆమ్లంగా మార్చి దాచుకుని, పగలు తలుపులు మూసుకుని వాడుకుంటాయి. మొక్కజొన్న, చెరకు, జొన్న వేరే దారి పట్టాయి. ఎండలో వేగంగా, పొదుపుగా పిండిపదార్థం తయారుచేసుకునే ప్రత్యేక ఏర్పాటు వాటిది. ఈ రెండు పద్ధతులూ ఒకే మొక్కలో ఉండటం చాలా అరుదు. పోర్టులాకా జాతిలో రెండూ ఉన్నాయి. నీళ్లున్నంతకాలం జొన్న దారిలో నడుస్తుంది, కరువొస్తే కాక్టస్ దారినీ అందుకుంటుంది. గంగవాయిలి కూరలో ఈ రెండూ ఒకే కణాల్లో కలిసి పనిచేస్తున్నాయని అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2022లో నిరూపించారు. కరువును తట్టుకునే పంటల కోసం వెతుకుతున్నవాళ్లు ఈ కలుపుమొక్క లాంటి ఆకుకూర మీద అంత శ్రద్ధ పెట్టడానికి కారణం ఇదే.

గంగవాయిలి తెల్లవారుజామున కోస్తే పులుపు ఎక్కువ, సాయంత్రం కోస్తే తక్కువ ఉండటానికి కూడా ఇదే కారణం. రాత్రి దాచుకున్న ఆమ్లం పగలు ఖర్చయిపోతుంది. చేను ఎండిన రోజుల్లో ఈ తేడా మరింత బాగా తెలుస్తుంది.

బీట్‌రూట్ రంగు, గులాబీ రంగు కాదు

మందారం ఎరుపు, శంఖుపుష్పం నీలం, గులాబీ రంగులు ఆంథోసయనిన్లు అనే పదార్థాల వల్ల వస్తాయి. టేబుల్ రోజ్ పువ్వులో అవి లేవు. దాని రంగులు బీటలైన్లు అనే వేరే కుదురువి. బీట్‌రూట్, ఎర్ర తోటకూర, కాగితంపూలు, డ్రాగన్ ఫ్రూట్, చంద్రకాంత పూలు, ఇవన్నీ ఆ కుదురులోవే. ఒక విచిత్రమేమిటంటే ఈ రెండు రంగుల కుటుంబాలూ ప్రకృతిలో ఒకే మొక్కలో కలిసి ఉండవు. బీటలైన్లలో ఒక రకం ఊదా-ఎరుపు ఇస్తుంది, మరోటి పసుపు ఇస్తుంది. రెండూ కలిస్తే నారింజ. ఏదీ లేకపోతే తెలుపు.

మొక్కల్లో ఈ రంగు తయారీకి కీలకమైన జన్యువును మొదట పట్టుకున్నది కూడా టేబుల్ రోజ్‌లోనే. స్విట్జర్లాండ్‌లోని లోజాన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2004లో ఆ పని చేశారు. రంగు లేని రేకుల్లోకి ఆ జన్యువును చొప్పించి, అక్కడ రంగు పుట్టించి చూపారు.

ఇక్కడే ఒక హెచ్చరిక. బీటలైన్లు పసుపు నుంచి ఊదా దాకా మాత్రమే వెళ్తాయి. అందుకే నీలం టేబుల్ రోజ్ లేదు. ఆకాశనీలం పూల ఫొటో పెట్టి ఆన్‌లైన్‌లో అమ్మే విత్తనాల పొట్లాలు కొనకండి. డబ్బు పోవడం ఒకటి, మొలిచిన మొక్క ఏదో తెలియక నెలలు ఎదురుచూడటం ఇంకొకటి.

ఒక్కరోజు పువ్వు

టేబుల్ రోజ్ పువ్వు ఒక్క పగలే ఉంటుంది. ఎండ ముదిరాక విచ్చుకుని, మధ్యాహ్నం దాటాక ముడుచుకుంటుంది, మళ్లీ తెరుచుకోదు. మర్నాడు పూసేది కొత్త మొగ్గ. మబ్బు పట్టిన రోజు సగం విచ్చుకుని ఊరుకుంటుంది, లేదా అసలు విచ్చుకోదు. దీనికి వెలుతురుతోపాటు వేడి కూడా కావాలి. చలికాలపు పొద్దుల్లో ఆలస్యంగా తెరుచుకునేది అందుకే. మొగ్గలుండీ పూయడం లేదని కంగారు పడేముందు ఆకాశం వైపు చూడండి.

మట్టి, నీళ్లు, కత్తెర

కుండీ లోతు అక్కర్లేదు, వెడల్పు కావాలి. వేళ్లు పైపైనే పాకుతాయి కనుక ఐదారు అంగుళాల లోతున్న పళ్లెం కుండీ చాలు. అడుగున రంధ్రాలు మాత్రం తప్పనిసరి. తోటమట్టి ఒక పాలు, ఇసుక ఒక పాలు, బాగా చివికిన పశువుల ఎరువు లేదా వర్మికంపోస్టు గుప్పెడు. అంతకు మించి బలం పెట్టకండి. యూరియా లాంటి నత్రజని ఎరువు పడితే ఆకు గుబురు పెరిగి పువ్వు తగ్గుతుంది.

మట్టి పైపొర ఎండాకే నీళ్లు. వేలు ఒక కణుపు దించి చూస్తే తెలిసిపోతుంది. మే నెల ఎండలో మిద్దె మీది పళ్లెం కుండీకి రోజూ అవసరం కావచ్చు, డిసెంబరులో వారానికోసారి సరిపోవచ్చు. నేలలో నాటేవాళ్లు మొక్కకూ మొక్కకూ ముప్పావు అడుగు నుంచి అడుగు ఎడం ఇస్తే అల్లుకుని నేలను కప్పేస్తుంది. జానెడుకు మించి ఎత్తు పెరగదు. బాట అంచులు, రాళ్ల సందులు, గోడ వెంబడి వేడెక్కే సన్నటి పట్టీలు దీనికి సరైన చోట్లు. పల్లంలో, ఇంటి చూరు నీళ్లు పడేచోట నాటవద్దు.

కాడలు సాగి, చివర మాత్రమే ఒకటీ అరా పూలు కనిపిస్తున్నాయంటే కత్తెర తీసుకోండి. మొక్కను సగానికి కత్తిరించడానికి చాలామందికి చేయి రాదు. కానీ ఈ మొక్కకు అదే సంజీవిని. రెండు మూడు వారాల్లో పక్కకొమ్మలు వేసి మునుపటికంటే ఒత్తుగా పూస్తుంది. కత్తిరించిన ముక్కలు పారేయకండి. మూడంగుళాల ముక్క, కింది ఆకులు తీసేసి, అంగుళం లోతున తడి ఇసుకమట్టిలో గుచ్చితే పదిరోజుల్లో వేళ్లు పట్టుకుంటుంది. మొదటి మూడు నాలుగు రోజులు మాత్రం కాస్త నీడపట్టున ఉంచాలి.

ముద్దపూల రకాలకు కొమ్మ నాటడమే మేలు. వాటి విత్తనం వేస్తే ఒంటిరేకు మొక్కలూ కలిసి వస్తాయి, రంగూ మారుతుంది. నచ్చిన రంగు నిలవాలంటే కొమ్మే దారి.

విత్తనం చూశారా?

రేకులు రాలి, కాయ గడ్డిరంగుకు తిరిగాక దగ్గరగా చూడండి. కుంకుమ భరిణె మూత ఊడినట్టు కాయ పైభాగం చుట్టూ చీలి ఊడిపోతుంది. లోపల బూడిదరంగులో లోహంలా మెరిసే విత్తనాలు. ఎంత సన్నవంటే గ్రాముకు దాదాపు 10,000 తూగుతాయి. వీటిని మట్టిలో పూడ్చితే మొలవవు, వెలుతురు తగలాలి. పొడి ఇసుకలో కలిపి తడిమట్టి మీద చల్లి, అరచేత్తో మెల్లగా అద్ది, పిచికారీతో తడుపుతుండండి. వెచ్చటి రోజుల్లో వారం నుంచి రెండు వారాల్లో మొలకలు వస్తాయి. చెంబుతో పోస్తే విత్తనాలన్నీ ఒక మూలకు కొట్టుకుపోతాయి.

నర్సరీల్లో వెడల్పాటి చదును ఆకులున్న పోర్టులాకాలు కూడా దొరుకుతాయి. అది పోర్టులాకా అంబ్రాటికోలా, వేరే జాతి. పెంపకం మాత్రం ఇంచుమించు ఒకటే. సూదుల్లాంటి గుండ్రటి ఆకులుంటే గ్రాండిఫ్లోరా. కుండీలో తనంతట తాను మొలిచి, చిన్న పసుపు పూలు పూసే చదును ఆకుల మొక్క బహుశా గంగవాయిలి. దాన్ని గుర్తుపట్టగలిగినవాళ్లు పప్పులో వేసుకోవచ్చు. ఒమేగా-3 కొవ్వు ఆమ్లం ఇంత ఎక్కువగా ఉన్న ఆకుకూరలు అరుదు. అయితే చుట్టమే కదా అని అలంకారానికి కొన్న టేబుల్ రోజ్ ఆకులను కూరలో వేయకండి. నర్సరీ మొక్క మీద ఏ మందు కొట్టారో మనకు తెలియదు. ఈ జాతి మొక్కల్లో ఆక్సలేట్లు ఉంటాయి కనుక కుక్కలు, పిల్లులు నమలకుండా చూడటం కూడా మంచిది.

చిన్న విషయం, పెద్ద ఆశ: బట్టల మిల్లుల నుంచి వచ్చే రంగునీళ్లను టేబుల్ రోజ్ శుభ్రం చేయగలదా అని కొల్హాపూర్‌లోని శివాజీ విశ్వవిద్యాలయం వారు పరీక్షించారు. నేవీ బ్లూ రకం అద్దకపు రంగొకదాన్ని మొక్క విరగ్గొట్టగలిగిందని 2011లో ప్రకటించారు. కాలువలు రంగులు మారుతున్న ఊళ్లు మనకూ ఉన్నాయి కనుక ఇలాంటి ప్రయత్నాలు ప్రయోగశాల దాటాలని గట్టిగా కోరుకుంటున్నాను.

పురుగుల బెడద తక్కువే. కాడల సందుల్లో తెల్లటి దూదిలా పిండినల్లి కనిపిస్తే ముందు నీళ్ల ధారతో కడగండి. తగ్గకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల సబ్బునీరు కలిపి సాయంత్రం పిచికారీ చేయండి.

దీనికి అసలు శత్రువు మన వానాకాలం. వారంపాటు ముసురు పట్టిందంటే ఎంత బలమైన మొక్కయినా మొదలు దగ్గర మెత్తబడిపోతుంది. అందుకని జూన్ రాకముందే మీ దగ్గరున్న ప్రతి రంగు నుంచీ రెండేసి కొమ్మలు తీసి, ఇసుక ఎక్కువ కలిపిన చిన్న కుండీల్లో నాటి, వాన పడకుండా ఎండ తగిలే కిటికీ అంచున పెట్టుకోండి. మిగిలితే ఇరుగుపొరుగుకు పంచండి. మీ మొక్క పోయినా ఆ రంగు మీ వీధిలోనే ఎక్కడో ఒకచోట దొరుకుతుంది.