సూరత్‌లో నిలిచిన జోడీ అలబామాలో ఎందుకు విడిపోయింది?

సూరత్ దగ్గర, తాపీ నది సముద్రంలో కలిసే చోట హజీరా పారిశ్రామిక వాడ ఉంది. అక్కడి భారీ ఉక్కు కర్మాగారం ఒకప్పుడు ఎస్సార్ స్టీల్‌ది. అప్పులు తీర్చలేక ఆ సంస్థ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. 2019 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పుతో అడ్డంకులు తొలగాయి. డిసెంబరులో ఆర్సెలర్ మిత్తల్, జపాన్‌కు చెందిన నిప్పన్ స్టీల్ కలిసి సుమారు రూ.42 వేల కోట్లకు దాన్ని దక్కించుకున్నాయి. వాటాలు 60:40.

అరవై శాతం ఉన్నవారిదే పెత్తనం అనుకుంటాం. కానీ ఆర్సెలర్ మిత్తల్ తన ఖాతాల్లో దీన్ని అనుబంధ సంస్థగా చూపదు, ఉమ్మడి సంస్థగానే చూపుతుంది. అంటే పెద్ద వాటా ఉన్నా, కీలక నిర్ణయాలకు భాగస్వామి సమ్మతి తప్పనిసరి.

ఇదే జోడీ అమెరికాలోనూ కలిసి పనిచేసింది. 2014లో అలబామా రాష్ట్రంలోని కాల్వర్ట్ కర్మాగారాన్ని థిస్సెన్‌క్రుప్ నుంచి సగం సగం వాటాలతో కొన్నారు. 2025 జూన్‌లో నిప్పన్ స్టీల్ ఏకంగా యూఎస్ స్టీల్‌నే సొంతం చేసుకుంది. అమెరికాలో సొంత కర్మాగారాలు చేతికొచ్చాయి. పైగా రెండుచోట్లా కొనసాగితే పోటీ నియంత్రణ చట్టాలతో చిక్కు. అందుకే కాల్వర్ట్‌లో తన సగాన్ని నామమాత్రంగా ఒక్క డాలరుకు భాగస్వామికి వదిలేసింది.

సమాన వాటాల జోడీ విడిపోయింది, అసమాన వాటాల జోడీ నిలిచింది. కారణం వాటాల లెక్కలో దొరకదు. ఆండ్రూ ఇంక్‌పెన్, పాల్ బీమిష్ అనే పరిశోధకులు 1997లోనే దీనికి ఒక వివరణ ఇచ్చారు. విదేశీ కంపెనీకి స్థానిక మార్కెట్ తెలియదు కాబట్టి భాగస్వామి కావాలి. ఆ విద్య నేర్చుకున్నాక అవసరం తగ్గుతుంది, బేరమాడే శక్తి చేతులు మారుతుంది, బంధం సడలుతుంది. కాల్వర్ట్‌లో అవసరం తీరింది నేర్చుకోవడం వల్ల కాదు, కొనుగోలు వల్ల. ఫలితం మాత్రం ఒకటే.

హజీరాలోనే ఇతర ఉదాహరణలున్నాయి. ఎల్ఎన్‌జీ టెర్మినల్‌లో షెల్‌కు 74, ఫ్రాన్స్‌కు చెందిన టోటల్‌కు 26 శాతం వాటా ఉండేది. 2018 అక్టోబరులో టోటల్ ఇండియా గ్యాస్ వ్యాపారానికి అదానీ గ్రూపుతో జతకట్టింది. 2019 ఆరంభంలో హజీరా టెర్మినల్ మొత్తం షెల్‌దైంది. ఎల్ అండ్ టీ, మిత్సుబిషి 2007లో 51:49 వాటాలతో కలిసినప్పుడు పంపకం స్పష్టంగా ఉంది: సూపర్ క్రిటికల్ బాయిలర్ల సాంకేతికత జపాన్‌ది, తయారీ హజీరాది.

మరి ఉక్కు జోడీని ఇక్కడ కలిపి ఉంచుతున్నదేమిటి? ఆర్సెలర్ మిత్తల్ ఏళ్ల తరబడి ఒడిశా, జార్ఖండ్‌లలో సొంతంగా ప్రయత్నించింది. 2013లో ఒడిశా ప్రాజెక్టును వదులుకుంది. నిప్పన్ స్టీల్‌కు జంషెడ్‌పూర్‌లో టాటా స్టీల్‌తో కార్ల రేకుల యూనిట్ ఉన్నా, ఇండియాలో తనదైన సమీకృత ఉక్కు కర్మాగారం లేదు. హజీరా విస్తరణకు కావాల్సిన పెట్టుబడిని పంచుకోవడమూ ఇద్దరికీ అవసరమే.

ఈ లెక్క తెలుగువారికీ ముఖ్యం. అనకాపల్లి జిల్లా నక్కపల్లి మండలంలోని రాజయ్యపేట దగ్గర ఇదే జోడీ సమీకృత ఉక్కు కర్మాగారం ప్రతిపాదించింది. ఇలాంటి ప్రాజెక్టులకు భూములు, పోర్టు, నీళ్లు దశాబ్దాలకు కట్టబెడతారు. భాగస్వాముల అవసరాలు అంతకాలం ఒకేలా ఉండవు. ఒకరు తప్పుకుంటే సాంకేతికత ఎవరిది, మిగిలిన పెట్టుబడి ఎవరు పెడతారు, ఉద్యోగాల హామీ ఎవరి మీద ఉంటుంది? వాటాల శాతం కన్నా ముందు అడగాల్సిన ప్రశ్నలివి.