ఆటకు ముందు వ్యాయామము - శరీరపు నిలుకడ

కబడ్డీలో కూతకు వెళ్ళిన ఆటగాడు ఒక కాలు నేలపై ఆనించి, రెండవ కాలిని ముందుకు చాచి, ఎదుటివానిని తాకి వెంటనే వెనుకకు మరలును. ఆ క్షణమున అతని శరీరభారమంతయు ఒక్క పాదముపైననే యుండును. తూలినచో పట్టుబడును; చీలమండ బెణికినచో కొన్ని వారములు ఆటకు దూరమగును. కావున ఆటలలో బలము, వేగము ఎంత ముఖ్యమో నిలుకడయు అంత ముఖ్యము. ఆటకు ముందు చేయు సన్నాహ వ్యాయామము, అనగా క్రీడాకారులు 'వార్మప్' అని పిలుచునది, ఈ నిలుకడను పెంచునా? పెంచినచో ఎట్లు?

సికింద్రాబాదు నుండి కరీంనగరము పోవు మార్గమున, హకీంపేటలో 1993లో నెలకొల్పబడిన ప్రభుత్వ క్రీడాపాఠశాల కలదు. ఆ దారినే ముందుకు పోయినచో షామీరుపేటకు ఆవల తుర్కపల్లి ప్రాంతము వచ్చును. ఈ పాఠశాలలో నాలుగవ తరగతిలో చేరగోరు పిల్లలకు పెట్టు పరీక్షలలో షటిల్ పరుగు ఒకటి. పది మీటర్ల దూరమును ఆరుసార్లు అటునిటు పరుగెత్తవలెను. ఇందు అయిదు మలుపులుండును. ఇద్దరు పిల్లల వేగము సమానమైనను, మలుపువద్ద తూలిన బిడ్డ వెనుకబడును. తుర్కపల్లి పిల్లవానికైనను, మరి యే గ్రామపు బాలికకైనను ఈ అయిదు మలుపులే అవకాశమును నిర్ణయింపవచ్చును.

నిలుకడ అనగా నేమి? శరీరపు గురుత్వకేంద్రమునుండి క్రిందికి గీచిన నిలువు గీత పాదములు ఆక్రమించిన స్థలములో పడినంతవరకు, కదలక నిలిచిన మనిషి పడిపోడు. రెండు కాళ్ళు ఎడముగా నుంచినచో ఆ స్థలము విశాలము. ఒంటికాలిపై నిలిచినచో అది అరికాలంతయే. 2000లో సిడ్నీ ఒలింపిక్సులో శ్రీకాకుళము జిల్లాకు చెందిన కరణం మల్లీశ్వరి 69 కిలోల తరగతిలో పాల్గొని, స్నాచ్‌లో 110 కిలోలు ఎత్తి, మొత్తము 240 కిలోలతో కాంస్యపతకము గెలిచెను. తన శరీరముకన్న ఎక్కువ బరువు తలపైన నున్నప్పుడు, బరువును శరీరమును కలిపిన గురుత్వకేంద్రము చాల ఎత్తునకు పోవును. అప్పుడు కొద్ది ఒరుగుదలయు ప్రమాదమే.

ఈ ఒరుగుదలను శరీరము మూడు మార్గముల గుర్తించును. కన్ను పరిసరములను చూచి తెలుపును. లోపలి చెవిలోని అర్ధవృత్తాకార నాళికలు తల తిరుగుటను, వాటి చెంతనున్న చిన్న సంచులు తల వంపును తెలుపును. కండరములలోను కీళ్ళలోను నున్న జ్ఞాననాడుల కొనలు ఏ కండరము ఎంత సాగెనో, ఏ కీలు ఎంత వంగెనో తెలుపును. మెదడు, వెన్నుపాము ఈ వార్తలను గ్రహించి కండరములకు ఆజ్ఞ లిచ్చును. నిశ్చలముగా నిలిచినట్లు కనబడు మనిషి కూడ నిజమునకు ఎడతెగక ఒరుగుచు, సరిదిద్దుకొనుచు నుండును.

సన్నాహ వ్యాయామము ముఖ్యముగా ఈ సరిదిద్దుకొను పనికి సాయపడును. నెమ్మదిగా పరుగెత్తిన కొద్ది నిమిషములకే కండరములు వేడెక్కును. డెన్మార్కు శాస్త్రజ్ఞులు ఆస్ముసెన్, బోయె అనువారు 1945లోనే, కండరపు ఉష్ణోగ్రత పెరిగినకొలది పని చేయు శక్తి పెరుగునని చూపిరి. ఉష్ణోగ్రత ఒక సెంటీగ్రేడు డిగ్రీ పెరిగినచో కాలి కండరముల వేగవంతమైన శక్తి సుమారు 4 శాతము పెరుగునని తరువాతి పరిశోధనలు తెలిపినవి. నాడులలో వార్తల వేగము కూడ డిగ్రీకి సెకనుకు సుమారు 2 మీటర్ల చొప్పున హెచ్చును. ఈ రెంటిలో కండరము చురుకుగా ముడుచుకొనుటయే ఎక్కువ ప్రయోజనకరము. ఒరిగిన శరీరమును అది త్వరగా నిలబెట్టగలదు. చలికాలపు ఉదయమున ఈ భేదము మరింత స్పష్టముగా నుండును.

అయితే ప్రతి వ్యాయామమును మేలు చేయదు. కదలక ఒకే భంగిమలో కండరములను చాలసేపు సాగదీసి పట్టియుంచుట మన మైదానములలో వాడుక. 2004లో కెనడాలో డేవిడ్ బేమ్, ఆయన సహచరులు చేసిన పరీక్షలో, అట్టి సాగదీతల పిమ్మట నిలుకడ, అవి లేనప్పటికంటె తక్కువగా నుండెను. సాగిన కండరము పంపు వార్తలు కొంత మారుటయు, దాని బిగువు తగ్గుటయు ఇందుకు కారణములు కావచ్చును. అలసిపోవునంతగా చేసినను నిలుకడ చెడును. వ్యాయామము ముగించి పావుగంటకు మించి ఊరక కూర్చున్నచో వచ్చిన వేడిమి చాలవరకు పోవును.

ఫుట్‌బాల్ సంస్థ 'ఫీఫా' వారి '11+' అను కార్యక్రమము సుమారు 20 నిమిషములది. ఇందు మెల్లని పరుగు, ఒంటికాలి నిలుకడ, గెంతులు, మలుపులు కలవు. నార్వేలో 13 నుండి 17 ఏండ్ల బాలికలపై జరిపి 2008లో ప్రకటించిన పరిశోధనలో, దీనివలన మొత్తము గాయములు సుమారు మూడవవంతు తగ్గినట్లు తేలెను. ఇది ఒకనాటి ఫలము కాదు. ఆటలకాలము పొడవున చేసిన అభ్యాసపు ఫలము.

ఈ విషయమును తరగతిలోనే పరీక్షింపవచ్చును. విద్యార్థులను చీట్లు వేసి రెండు జట్లుగా విభజింపవలెను. ప్రక్కన తోడు నిలిచియుండగా, ఒక్కొక్కరు కన్నులు మూసి ఒంటికాలిపై ఎన్ని సెకనులు నిలువగలరో గడియారముతో కొలువవలెను. పిమ్మట మొదటి జట్టు పది నిమిషములు మెల్లగా పరుగెత్తి, మోకాళ్ళెత్తి నడచి, కాళ్ళూపవలెను. రెండవ జట్టు కూర్చుండవలెను. రెండు నిమిషములు ఊపిరి తీర్చుకొని అందరును మరల నిలువవలెను. రెండవ జట్టు ఎందుకనగా, ఒకసారి చేసిన పనిని రెండవసారి ఎవరైనను కొంత మేలుగా చేయుదురు. ఆ మెరుగును తీసివేసినగాని వ్యాయామపు ఫలమెంతో తెలియదు. ఒక్కనాటి లెక్క చాలదు; మరియొకనాడు జట్లను తారుమారు చేసి చూడవలెను.

ఇందుకు పరికరములు అక్కరలేదు. సమతలమైన నేల, గడియారము, కాగితము చాలును. ఆటల పీరియడులో మొదటి పది నిమిషములు ఇట్లు వినియోగించిన ఉపాధ్యాయుడు పిల్లల చీలమండలను కాపాడుటయే గాక, వారికి శాస్త్రీయ పరీక్షావిధానమును కూడ నేర్పినవాడగును.