సెల్ టవర్ దగ్గర నొప్పి పెరుగుతుందా?

ప్రమాదంలో కాలు పోయిన మనిషి "లేని పాదం జివ్వుమంటోంది" అంటే ఇంట్లోవాళ్లు నమ్మరు. షుగర్ ఉన్నాయనకు అరికాళ్లు మంటలెత్తితే "ఎదురుగా ఉన్న సెల్ టవర్ వల్లే" అని పక్కింటోళ్లు తేల్చేస్తారు. ఈ రెండు మాటలూ తొందరపాటే.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల్లో రేడియేషన్ అంటే చాలామందికి గుర్తొచ్చేది వేముల మండలం తుమ్మలపల్లె యురేనియం గని. ఆ రేడియేషన్ వేరు, ఫోన్ రేడియేషన్ వేరు. యురేనియం కిరణాలు పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టి డీఎన్ఏను దెబ్బతీయగలవు. ఫోన్ తరంగాలకు అంత శక్తి లేదు. అవి రేడియో, టీవీ తరంగాల జాతివి. మోతాదు మించితే ఒంటిని వేడెక్కిస్తాయి.

మరి నొప్పి సంగతేంటి? ఇరాక్ యుద్ధంలో చేయి పోగొట్టుకున్న అమెరికా మాజీ సైనికాధికారి డేవిడ్ అండర్‌వుడ్, ప్రయాణంలో సెల్ టవర్ల పరిధి మారేటప్పుడు తనకు నొప్పి వస్తోందని చెప్పారు. డల్లాస్‌లోని టెక్సస్ యూనివర్సిటీ పరిశోధకులు ఆ మాటను కొట్టిపారేయకుండా ఎలుకల మీద పరీక్షించి, 2016లో 'ప్లాస్ వన్' పత్రికలో ఫలితాలు ప్రచురించారు.

కొన్ని ఎలుకలకు కాలి నరం కోశారు, కొన్నింటికి నరాన్ని కోయలేదు. వారానికోసారి 10 నిమిషాల చొప్పున 8 వారాలు 915 మెగాహెర్ట్జ్ తరంగాలు తగిలించారు. నాలుగో వారానికి నరం తెగినవాటిలో 88 శాతం నొప్పి లక్షణాలు చూపాయి. నరం బాగున్నవాటిలో ఒకే ఒక్కటి, అదీ మొదటి వారంలో మాత్రమే చూపింది. తెగిన నరం చివర ముడి కట్టి, చిన్న ఒత్తిడికి కూడా అతిగా స్పందిస్తుంది. అందుకే తేడా నరం దెబ్బతిన్నదా లేదా అన్న దాంట్లో ఉంది.

అయితే ఇది ఎలుకల మీద జరిగిన పరీక్ష. తరంగాలు పడట్లేదని తమకు తాము చెప్పుకునే మనుషుల మీద, ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో చెప్పకుండా పరీక్షిస్తే వాళ్లు గుర్తుపట్టలేకపోయారు. వాళ్ల బాధ నిజమే, తరంగాలే కారణమని మాత్రం రుజువు కాలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో చెప్పింది.

టవర్ల తరంగాల పరిమితిని మన ప్రభుత్వం 2012 సెప్టెంబర్ 1 నుంచి అంతర్జాతీయ పరిమితిలో పదో వంతుకు తగ్గించింది. 900 మెగాహెర్ట్జ్ దగ్గర అది చదరపు మీటరుకు 0.45 వాట్లు. ఎలుకల మీద వాడింది దాదాపు 0.75 వాట్లు. అనుమానం ఉన్నవారు టెలికాం శాఖ 'తరంగ్ సంచార్' పోర్టల్‌లో తమ వీధి టవర్ వివరాలు చూడొచ్చు. రుసుము కట్టి కొలిపించుకునే వీలూ అందులో పెట్టారు.

కాలో చేయో పోయినవారు ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు. ఇంట్లోవాళ్లు ఫోన్‌ను ఒకసారి ఆన్‌లో, ఒకసారి ఫ్లైట్ మోడ్‌లో, ఏదో చెప్పకుండా దగ్గర పెట్టాలి. పదిసార్లు చేసి, నొప్పి ఎప్పుడొచ్చిందో రాసుకోవాలి. తేడా కనిపిస్తే ఫోన్‌ను దూరంగా పెట్టి స్పీకర్‌లో మాట్లాడితే సరి. సిగ్నల్ తక్కువున్న చోట ఫోన్ ఎక్కువ పవర్ వాడుతుంది కాబట్టి అక్కడ మాటలు తగ్గించుకోవాలి.

షుగర్ ఉన్నవారు మాత్రం టవర్ మీద నెపం వేసి ఊరుకోకూడదు. అరికాళ్ల మంట, తిమ్మిరి నరాలు దెబ్బతింటున్నాయనడానికి గుర్తు. స్పర్శ పోయిన పాదానికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు. అది పుండై, ముదిరితే కాలే తీసేయాల్సి రావచ్చు. మామూలు నొప్పి బిళ్లలు నరాల నొప్పికి పెద్దగా పనిచేయవు, దానికి వేరే మందులున్నాయి. ప్రొద్దుటూరు జిల్లా ఆస్పత్రిలోనో, కడప రిమ్స్‌లోనో చూపించుకోవాలి. రోజూ రాత్రి పడుకునే ముందు పాదాలు ఒకసారి చూసుకోవాలి.