డెసికేషన్: పదార్థ పరిశీలన, విత్తన శాస్త్రంలో వాడుక

నీరు తగ్గుటను తెలిపే మాటలకు తెలుగులో కొదవ లేదు. ఆకు వడలుతుంది, బట్ట ఆరుతుంది, చెరువు ఎండుతుంది. ధాన్యాన్ని నీడలో ఆరబెట్టడం ఒకటి, ఎండబెట్టడం మరొకటి. డెసికేషన్ అనే శాస్త్ర పదం వీటిలో దేనికీ సరిసమానం కాదు. లాటిన్‌లో ‘సిక్కస్’ అనగా పొడి. ముందు చేరిన ‘డె’ పూర్తిగా అనే అర్థాన్నిస్తుంది. కణజాలంలోని నీరు దాదాపు అంతా తొలగి, పొడిగాలితో సమతుల్యతకు వచ్చే స్థితిని ఈ పదం సూచిస్తుంది. శుష్కీకరణ అనే మాట దీనికి తగినది. నిర్జలీకరణ అంటే డీహైడ్రేషన్. అందులో నీరు ఏ మేరకు తగ్గినా చెల్లుతుంది.

బెట్టను తట్టుకొనుటను, శుష్కీకరణను తట్టుకొనుటను ఒకటిగా రాయడం విద్యార్థుల జవాబు పత్రాలలో తరచు కనిపించే పొరపాటు. బెట్టను తట్టుకొనే మొక్క నీటిని పోగొట్టుకోకుండా కాపాడుకొంటుంది. శుష్కీకరణను తట్టుకొనే కణం నీటిని పోగొట్టుకొని కూడా బ్రతుకుతుంది. గ్రాము పొడి పదార్థానికి 0.1 గ్రాము నీరు మాత్రమే మిగిలినా తిరిగి తడి తగిలితే కోలుకొంటుంది. సుక్రోజు వంటి చక్కెరలు, లియా ప్రోటీన్లు కణ పొరలను కాపాడగా, లోపలి ద్రవం గాజు వంటి స్థితికి చేరుతుంది.

వరి, వేరుశనగ, కంది గింజలు ఈ కోవకు చెందినవి. వీటిని ఆర్థడాక్స్ విత్తనాలంటారు. తేమ 5 నుండి 14 శాతం మధ్య ఉన్నంతవరకు, ఒక్క శాతం తగ్గించిన ప్రతిసారీ విత్తన జీవితకాలం సుమారు రెట్టింపవుతుందని హారింగ్టన్ సూత్రం. ధ్రువీకృత వరి విత్తనానికి మామూలు సంచిలో 13 శాతం, తేమ చొరని సంచిలో 8 శాతం గరిష్ఠ పరిమితిగా విధించడానికి ఆధారం ఇదే.

మామిడి, పనస, రబ్బరు గింజల విషయం వేరు. 1973లో రాబర్ట్స్ వీటిని రీకాల్సిట్రెంట్ విత్తనాలుగా వర్గీకరించాడు. ఇవి తల్లిచెట్టు నుండి తేమతోనే రాలుతాయి, ఎండితే చనిపోతాయి. వేరుమూలం కోసం మామిడి టెంకలను సేకరించే నర్సరీ రైతుకు ‘విత్తనాన్ని బాగా ఎండబెట్టి నిల్వ చేయండి’ అనే సాధారణ సలహా ఇస్తే నారుమడి మొలవదు. తాజా టెంకను వెంటనే నాటించాలి. పంట పేరు లేకుండా ఎండబెట్టమని కరపత్రంలో ముద్రించడం ప్రమాదకరమే.

ప్రయోగశాలలోని డెసికేటర్ పేరు కూడా కొంత తికమక పెడుతుంది. తేమ పరీక్షలో నమూనాను ఎండించేది ఓవెన్. 103 డిగ్రీల సెల్సియస్ వద్ద 17 గంటలు. డెసికేటర్ చేసేది, చల్లారే వేళ ఆ నమూనా గాలిలోని తేమను తిరిగి పీల్చకుండా చూడడమే. అందులోని నీలి సిలికాజెల్ గులాబీ రంగుకు మారిన తరువాత తీసిన తూకం నమ్మదగినది కాదు.

కోతకు ముందు చల్లే డెసికెంట్ మందులు మరో కోవ. బంగాళాదుంప తీగపై డైక్వాట్ చల్లినప్పుడు ఆకుల కణ పొరలు తెగి నీరు కారిపోతుంది. విత్తనంలో శుష్కీకరణ ప్రాణాన్ని నిలుపుతుంది; ఇక్కడ అదే పదం కణజాలపు మరణాన్ని తెలుపుతుంది.