ఒకే పార్కు.. మూడు వయసులు!

రెండేళ్ల బుడతడు, ఏడేళ్ల పాప, పదమూడేళ్ల పెద్దబ్బాయి. ఆదివారం ముగ్గురినీ పార్కుకు తీసుకెళ్లారు. బుడతడు మట్టి దగ్గరే కూలబడ్డాడు. పాప జారుడు బల్ల వైపు పరుగు తీసింది. పెద్దవాడు బెంచీ మీద కూర్చుని ఫోన్‌ తీశాడు. అరగంటకే మీకు విసుగు, వాళ్లకు అలక. ముగ్గురినీ ఒకే ఆటతో నెట్టుకురావాలని చూస్తే ఇలాగే అవుతుంది. వయసును బట్టి ఒంటికి కావాల్సిన ఆట వేరు. పొంచి ఉండే ప్రమాదాలూ వేరు. ఇది గుర్తుంచుకుని కాస్త ముందే అనుకుని వెళ్తే, పైసా ఖర్చు లేని పార్కు ఇంటిల్లిపాదికీ ఆరోగ్యాన్నిస్తుంది.

హైదరాబాద్‌ నాంపల్లిలోని పబ్లిక్‌ గార్డెన్స్‌నే తీసుకోండి. లోపలికి వెళ్లటానికి టికెట్‌ లేదు. మెట్రోలో వస్తే అసెంబ్లీ స్టేషన్‌లో దిగి నడిచి వెళ్లొచ్చు. పెద్ద చెట్ల నీడ, పచ్చిక, నడవటానికి దారులున్నాయి. మీ ఊళ్లోని మున్సిపల్‌ పార్కుకైనా ఈ జాగ్రత్తలే వర్తిస్తాయి.

ఎవరికి ఎంత ఆట?

ఏడాది నుంచి నాలుగేళ్ల పిల్లలు రోజు మొత్తమ్మీద కనీసం 3 గంటలు ఒళ్లు కదిలేలా గడపాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. 5-17 ఏళ్ల వారికి రోజుకు సగటున 60 నిమిషాల పాటు ఆయాసం వచ్చేంత ఆట కావాలి. వారానికి కనీసం మూడు రోజులైనా ఎముకలకు, కండరాలకు బలాన్నిచ్చే పరుగులు, గెంతులు ఉండాలి. ఆరుబయట ఎక్కువసేపు గడిపే పిల్లల్లో హ్రస్వదృష్టి మొదలయ్యే ముప్పూ తగ్గుతుందని అధ్యయనాలు చెబుతున్నాయి. అందుకే తైవాన్‌లో 2010 నుంచి బడి పిల్లలను రోజుకు 2 గంటలు ఆరుబయట ఉండేలా ప్రోత్సహిస్తున్నారు. చెట్టు నీడలోనూ ఇంటి లోపలి కన్నా వెలుతురు చాలా ఎక్కువ. కాబట్టి మండుటెండలో ఆడించాల్సిన పనిలేదు.

చిన్నారులకు (1-4 ఏళ్లు)

వీరికి ఆట పరికరాల కన్నా నేలే ముఖ్యం. పచ్చిక మీద నడవనివ్వండి. ఎండుటాకులు ఏరనివ్వండి. ముద్దు చేస్తూ ఒళ్లో కూర్చోబెట్టుకుని జారుడు బల్ల మీద జారటం మాత్రం వద్దు. బిడ్డ కాలు బల్ల అంచుకు తట్టుకుంటే పెద్దవాళ్ల బరువుకు మెలిపడి కాలి ఎముక విరగొచ్చు. నీటి కొలను ఉన్నచోట బిడ్డ ఎప్పుడూ చేతికి అందేంత దూరంలోనే ఉండాలి. నీళ్లలో పడ్డ పసిపిల్లలు చాలాసార్లు కేక కూడా వేయలేరు.

బడి పిల్లలకు (5-10 ఏళ్లు)

ఎక్కటం, వేలాడటం, దూకటం వీరికి ఇష్టం. వద్దనకండి. కాకపోతే మెడకు చున్నీ, తాళ్లున్న టోపీ లేకుండా చూడండి. ఇవి పరికరాలకు చిక్కుకుంటే మెడకు బిగుసుకునే ప్రమాదముంది. ఎండాకాలంలో ఇనుప బల్లను ముందు మీరు చేత్తో తాకి చూడండి. దారి తప్పితే ఎక్కడ నిలబడాలో లోపలికి వెళ్లగానే చూపించండి. జేబులో మీ ఫోన్‌ నంబరు రాసిన చీటీ పెట్టండి.

పెద్దపిల్లలకు (11 ఏళ్లు దాటితే)

‘తమ్ముణ్ని చూసుకో’ అంటూ పార్కుకు తీసుకెళ్తే ఏ పిల్లాడూ రెండోసారి రాడు. కాసేపైనా వాళ్లను వాళ్ల మానాన వదలండి. పార్కు చుట్టూ ఎన్ని నిమిషాల్లో పరుగెత్తారో లెక్కేసుకోమనండి. తాడాట, షటిల్‌ అయినా సరే. పబ్లిక్‌ గార్డెన్స్‌కు వెళ్తే ఆవరణలోని పురావస్తు మ్యూజియంలో ఈజిప్టు మమ్మీని చూపించొచ్చు. దీనికి టికెట్‌ వేరు. వేళలు ముందే తెలుసుకుని వెళ్లండి.

అందరూ కలిసేందుకు నాలుగు స్తంభాలాట ఉండనే ఉంది. నాలుగు చెట్లు, ఐదుగురు మనుషులు చాలు. తాతయ్య, నానమ్మ వస్తే ఇంకా మంచిది.

కాపలా ఎవరిది?

నలుగురు పెద్దవాళ్లున్నా బిడ్డ తప్పిపోవటానికి కారణం ఒకటే. ఎవరో ఒకరు చూస్తున్నారులే అని అందరూ అనుకోవటం. పావుగంటకొకరు చొప్పున వంతులు వేసుకోండి. ‘ఇప్పుడు నా వంతు’ అని పైకే చెప్పండి. ఆ పావుగంట ఫోన్‌ సంచిలోనే ఉండాలి.

వెంట తీసుకెళ్లండి

మంచినీళ్లు, మజ్జిగ, ఉడికించిన పల్లీలు, అరటిపండ్లు. చిన్నవాడికి ఒక జత బట్టలు. డెంగీ దోమలు పగలే కుడతాయి. తెల్లవారాక కొద్ది గంటలు, పొద్దుగూకే ముందు వీటి బెడద ఎక్కువ. కాబట్టి ఒంటి నిండా బట్టలు వేయండి.

దెబ్బ తగిలితే..

  • మోకాలు గీరుకుపోతే శుభ్రమైన నీటితో, సబ్బుతో కడగండి. కాఫీ పొడి, పసుపు అద్దొద్దు.

  • కుక్క కరిచినా, గీరినా ధారగా పడే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. గాయం చిన్నదేనని ఊరుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లి టీకా గురించి అడగండి.

  • తలకు దెబ్బ తగిలాక పదే పదే వాంతులు, మగత, స్పృహ తప్పటం వంటివి కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

బయల్దేరే ముందు ‘ఇంకో ఐదు నిమిషాలే’ అని చెప్పి ఉంచండి. చెప్పకుండా లాక్కెళ్తేనే చిన్నపిల్లల ఏడుపు. ఇక వచ్చే ఆదివారం ముందుగా ఏ ఆట ఆడాలో చెప్పే వంతు ఒక్కోసారి ఒక్కొక్కరికి ఇవ్వండి. మొదటి వంతు బెంచీ మీద కూర్చున్న పెద్దవాడిదే కానివ్వండి.