విడిగా సరే, కలిపితే?

ఒకామె బియ్యం మానికతో కొలిచి "రెండు" అంది. ఇంకొకామె రెండు సోలలనుకుని ఎసరు పెట్టింది. అన్నం ఉడుకుతుందా?

కంప్యూటర్లతోనూ ఇలాగే అయింది. 1998లో అమెరికా కుజగ్రహానికి మనుషులు లేని వ్యోమనౌకను పంపింది. దాన్ని నెట్టే బలాన్ని ఒక కంప్యూటరు పౌన్లలో లెక్క కట్టింది. రెండో చోట ఆ అంకెను కిలోలు, మీటర్ల లెక్క అనుకున్నారు. నౌక గ్రహానికి 226 కిలోమీటర్ల ఎత్తున వెళ్లాలి. 57 కిలోమీటర్ల దాకా దిగిపోయింది. 1999 సెప్టెంబరు 23న దాని జాడ పోయింది.

దేనికది పరీక్షిస్తే చాలదు. మొదటి నుంచి చివరి దాకా కలిపి పరీక్షించాలి.

ఇప్పుడు రేషను కూడా కంప్యూటరు మీదే ఇస్తున్నారు. వేలిముద్ర యంత్రం మంచిదే. కాటా మంచిదే. రెండింటి మధ్య కబురు అందకపోతే? సంచీ ఖాళీ! బియ్యం సంచీలో పడితేనే పరీక్ష పూర్తయినట్టు.